కెప్టెన్ చేతిరాత

ఊళ్ళో అందరికీ ఆయన బాబాయే. ఒకప్పుడు తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలిచేవారు. ఇప్పుడు వాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. అందులో నలభై ఆరేళ్ళు ఫుట్‌బాల్ క్లబ్బు బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఇచ్చాడు. చొక్కా చేతిలోకి తీసుకుంటే చాలు, ఆటగాడు ఏ వైపు పడ్డాడో, గడ్డిలో పడ్డాడో బురదలో పడ్డాడో, గోల్ కొట్టి పడ్డాడో ఊరికే పడ్డాడో చెప్పేసేవాడు. ఈ చివరిది మాత్రం వట్టి కోత అంటుంది ఆయన భార్య.

నెలకో ఆదివారం పొద్దున క్లబ్బు మేడ మీది హాల్లో కార్డుల సంఘం కూర్చుంటుంది. వెనకటికి బిస్కెట్ ప్యాకెట్లలో ఆటగాళ్ళ బొమ్మల కార్డులు వచ్చేవి. అరచేతిలో ఇమిడే అట్టముక్క. ఒకవైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని ఎత్తు, బరువు, కొట్టిన గోల్స్. అప్పుడు ఆ బిస్కెట్లు తిన్న పిల్లలే ఇప్పుడు బట్టతలలతో, బొజ్జలతో వచ్చి ఆ కార్డుల్ని ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి బల్లల మీద పరుస్తారు. అన్నానికి ముందు చేతులు కడుక్కోమని అమ్మ మొత్తుకున్నా వినని వాళ్ళు, కార్డు ముట్టుకునే ముందు రెండుసార్లు కడుక్కుంటారు.

వాటికి విలువ కట్టేది డ్రాయింగు మాస్టారు. బడిలో రిటైరయ్యాక ఆయనకు ఇదే ఉద్యోగమైపోయింది. ముందు నాలుగు మూలలూ చూస్తాడు, అరిగాయా నిలబడి ఉన్నాయా అని. తర్వాత అంచులు. మూలలు పదునుగా కనబడాలని వెంట్రుకవాసి అంచు కత్తిరించే ఘనులుంటారు. వాళ్ళని పట్టుకోవడానికి ఇంకో కార్డు మీద పెట్టి కొలుస్తాడు. భూతద్దంలోంచి చూస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టే ఉంటాడు. ఆఖరికి పదికి ఇన్ని మార్కులని చీటీ రాసి ఇస్తాడు. ఎనిమిది వచ్చినవాడు వారం దాకా నేల మీద నడవడు.

సంతకం ఉన్న కార్డుల సంగతి వేరు. అందులోనూ కెప్టెన్ సంతకం సంగతి మరీ వేరు. క్లబ్బుకు వరసగా మూడేళ్ళు కప్పు తెచ్చిన కెప్టెన్, ముప్పై ఒకటో ఏట మోకాలు విరిగి ఆట మానేశాడు. ఆస్పత్రి నుంచి అటు నుంచటే అక్కగారి ఊరికి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ కిందట అక్కడే పోయాడు. ఆయన సంతకాన్ని గుర్తుపట్టడానికి మాస్టారు ఏకంగా ఓ చిన్న పుస్తకమే అచ్చు వేయించాడు. సిరా నల్లగా నిగనిగలాడాలి, వెలిసిపోకూడదు. పేరు మొత్తం కలం ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో సాగాలి. చివర తోక వెనక్కి తిరిగి పేరు కింద గీతలా పరుచుకోవాలి. ఈ మూడూ ఉంటే పచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ. అలా పచ్చ చీటీ పడిన కార్డులు ఊళ్ళో నూట పద్దెనిమిది తేలాయి.

ఆ నూట పద్దెనిమిదీ రాసింది బాబాయే.

ఆయనేమీ దొంగబుద్ధితో రాయలేదు. అప్పటికి బాబాయికి ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. ఓ రోజు కెప్టెన్ బట్టల గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఒళ్ళో వెదురుబుట్ట పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. బుట్ట నిండా అభిమానులు ఇచ్చిన కార్డులు. చాలాసేపు వాటిని అటూ ఇటూ కదిపి, "తమ్ముడూ, నాకు రాయడం రాదు," అన్నాడు.

చిన్నప్పటి నుంచీ రోడ్డు పనుల్లో రాళ్ళు కొట్టి పెరిగినవాడు. బడి ముఖం ఎరగడు. క్లబ్బు కాగితాల మీద వేలిముద్ర వేస్తాడని మేనేజరుకు ఒక్కడికే తెలుసు. ఆయన నోరు విప్పే రకం కాదు. "పదకొండు మందీ కలిసి మీదికొచ్చినా నాకు భయం లేదు. గేటు దగ్గర ఓ చిన్నపిల్ల కార్డూ పెన్నూ చాపితే కాళ్ళు వణుకుతున్నాయి తమ్ముడూ," అన్నాడు. అంత పెద్ద మనిషి అలా తల దించుకుని కూర్చుంటే బాబాయి ఆయన ఒళ్ళోంచి బుట్ట అందుకున్నాడు.

బాబాయి ఐదో తరగతి దాకా చదివాడు. చేతికి రాత అలవాటే. ఏ చొక్కా ఎవరిదో తెలియడానికి కాలరు లోపల గుర్తుల సిరాతో పేర్లు రాసేవాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరా అది. బట్ట మీద పాళీ ఆపితే చాలు, సిరా పాకుతుంది. అందుకని ఆపకుండా ఒక్క ఊపులో రాయాలి. అదే చేత్తో, అదే సిరాతో ఓ కార్డు మీద కెప్టెన్ పేరు రాసి, ముచ్చటగా ఉంటుందని చివర ఓ తోక తిప్పాడు. కెప్టెన్ దాన్ని కిటికీ వెలుగులో పెట్టుకుని చూసి, "నా పేరు ఇంత బాగుంటుందా?" అన్నాడు.

ఆ రోజు నుంచీ అదో పద్ధతైపోయింది. ఎవరు కార్డు చాపినా కెప్టెన్ నవ్వి, భుజం తట్టి, "బుట్టలో వెయ్యి, రేపు తీసుకో," అనేవాడు. బుట్ట మాసిన బట్టలతో పాటు వెళ్ళేది, మడతలతో పాటు తిరిగి వచ్చేది. "నాకు రాదన్న సంగతి ఎవరికీ చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు," అన్నాడు కెప్టెన్. చెప్పనని బాబాయి మాటిచ్చాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ కడుపులో దాచుకోవడం ఏమంత కష్టం కాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం సరదాగా కూడా ఉండేది. కార్డుల సంఘం వాళ్ళు ఆయన్ని పిలిచి ముందు వరసలో కుర్చీ వేసేవాళ్ళు, ఆ రోజుల్ని చూసినవాడని. మాస్టారు భూతద్దం పెట్టుకుని, "చూడండి బాబాయ్, ఆ తోకలో ఎంత ధీమా ఉందో! నాయకుడి లక్షణమంతా అక్కడే ఉంది," అంటే బాబాయి లోపల్లోపల పొంగిపోయి, పైకి మాత్రం గంభీరంగా తల ఊపేవాడు. ఈ వయసులో మనిషికి ఆ మాత్రం సంబరం ఉంటే తప్పేముంది?

తప్పేముందో ఓ ఆదివారం తెలిసొచ్చింది.

క్లబ్బు డెబ్బై ఐదేళ్ళ పండక్కి కెప్టెన్ కార్డులన్నీ అద్దాల పెట్టెలో పెట్టి చూపించాలనుకున్నారు. ఎవరి దగ్గరున్నా తెమ్మని చాటింపు వేశారు. ఆ మాట విని ఒకావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. సిస్టరమ్మ అంటే సగం ఊరికి తెలుసు. ఆ సగం ఊరికీ ఎప్పుడో ఒకప్పుడు సూది పొడిచింది. చేతిసంచిలోంచి పుస్తకం, పుస్తకంలోంచి కవరు, కవర్లోంచి కార్డు తీసి మాస్టారి ముందు పెట్టింది. "నాకు అమ్మే ఉద్దేశం లేదండీ. నలుగురూ చూడాలని తెచ్చాను," అంది.

మాస్టారు ఊపిరి బిగబట్టాడు, వదిలాడు. సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగింది. అక్షరాలు ఒక్కోటీ విడివిడిగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చివరికొచ్చేసరికి చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తోక లేనే లేదు.

"అమ్మా, ఇది కెప్టెన్ది కాదు," అన్నాడు నెమ్మదిగానే.

"నా కళ్ళముందు రాశారండీ. మోకాలు విరిగి మా వార్డులో ఉన్నప్పుడు. నేను అప్పుడు ట్రైనింగులో ఉన్నాను."

"ఎలా రాశారు? గబగబా రాశారా? ఎంతసేపు పట్టింది?"

ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసింది. "అవన్నీ ఎందుకు? రాశారు. నేను చూశాను. అంతే," అంది.

చూసిన మనిషి చెప్పడానికి తటపటాయిస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు ముందు వరసకు తిరిగి, "బాబాయ్, మీరు చెప్పండి. ఇది ఆయన రాతేనా?" అన్నాడు.

రెండు గజాల దూరం నుంచే బాబాయి ఆ వంకర అక్షరాలు చూశాడు. దొంగ సంతకం పెట్టేవాడు ఎవడైనా తోక చూసి తోక గీస్తాడు. ఇంత వంకరగా, ఇంత కష్టపడి ఎవడు గీస్తాడు? కెప్టెన్‌కి రాత ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో బాబాయికి తెలియదు. కానీ అది ఆయన చెయ్యేనని మాత్రం తెలిసిపోయింది. అప్పుడు బాబాయి ఏం చేశాడంటే, "ఏమో మాస్టారూ, నాకు గుర్తు లేదు," అన్నాడు.

ఎర్ర చీటీ పడింది. సంఘం పద్ధతి ప్రకారం ఎర్ర చీటీ పడినవాళ్ళ పేర్లు 'నకిలీలతో జాగ్రత్త' అని రాసి తలుపు పక్కన అతికిస్తారు. పండగ రోజు ఊరంతా వచ్చి ఆ కాగితం చదువుతుంది. సిస్టరమ్మ కార్డును కవర్లో, కవరును పుస్తకంలో, పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, ఎవరినీ ఒక్క మాట అనకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారం బాబాయికి అన్నం సయించలేదు. ఇంట్లో ఇంకా నాలుగైదు వాడుక ఇళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తాడు. మంగళవారం ఓ తెల్లచొక్కా వీపు మీద పెట్టె మర్చిపోయి గోధుమరంగు మచ్చ తెచ్చాడు. నలభై ఆరేళ్ళలో ఎన్నడూ లేనిది. భార్య ఆ చొక్కా చేతిలోకి తీసుకుని, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆ సిస్టరమ్మ గురించేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటోంది. సంతకాలు మీరే గీశారని నాకు పెళ్ళయిన కొత్తల్లోనే తెలుసు. వేళ్ళ నిండా ఆ సిరా పెట్టుకుని అన్నం తినేవారుగా. ఎందుకు గీశారో మాత్రం మీరు చెప్పలేదు, నేను అడగలేదు."

బాబాయి తల పట్టుకున్నాడు. చెబితే, కెప్టెన్ ఎందుకు రాయించాడని అడుగుతారు. రాయడం రాక అని చెబితే, ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ దేనికి సిగ్గుపడ్డాడో అది ఊరందరి నోట్లో పడుతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని ఆడమనిషి పేరు తలుపు మీద వేలాడుతుంది. ఈ చిక్కంతా భార్యకు చెప్పలేక, "ఒకరికి మాటిచ్చానే," అన్నాడు.

"ఆ మాట మీ దగ్గరే ఉంచుకోండి. మీ తప్పు మీరు చెప్పుకోండి. ఆవిడ పేరు మాత్రం తీయించండి," అంది భార్య, మచ్చ మీద తడిగుడ్డ రుద్దుతూ.

ఆమెకు అసలు సంగతి తెలియదు. అయినా దారి మాత్రం దొరికింది.

పండగ ఆదివారం పొద్దున హాలు కిటకిటలాడుతోంది. నూట పద్దెనిమిది కార్డులూ అద్దాల కింద వరసగా మెరుస్తున్నాయి. తలుపు పక్కన కాగితమూ ఉంది. అందులో ఏడు పేర్లు, ఆఖరిది సిస్టరమ్మది. ఆవిడ కూడా వచ్చింది, వెనకాల గోడకు ఆనుకుని నిలబడింది. తన పేరున్న కాగితం పక్క నుంచే తలెత్తుకుని లోపలికి వచ్చిందట.

బాబాయి జేబులోంచి ఓ కార్డు తీసి మాస్టారి చేతికిచ్చాడు. "మా ఇంట్లో ఓ మూల దొరికింది. కాస్త చూసి పెట్టండి."

మాస్టారు ఊపిరి బిగబట్టాడు. చుట్టూ జనం మూగారు. సిరా చూశాడు, ఊపు చూశాడు, తోక చూశాడు. ముఖం వెలిగిపోయింది. "నూట పంతొమ్మిదోది! ఇంత శుభ్రమైన సంతకం నేనింతవరకూ చూడలేదు. అనుమానమే లేదు, అసలు సిసలు కెప్టెన్ సంతకం," అని పచ్చ చీటీ అందుకున్నాడు.

"అది నేను నిన్న సాయంత్రం రాశాను మాస్టారూ," అన్నాడు బాబాయి.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఒకరిద్దరు నవ్వారు కూడా. బాబాయి బల్ల మీదున్న తెల్లకాగితం తీసుకుని, జేబులోంచి పాళీ, సిరాబుడ్డి తీసి, నిలబడే మరోసారి రాశాడు. ఒక్క ఊపులో పేరు, చివర తోక.

"అన్నీ నేనే రాశాను. అద్దాల కింద ఉన్నవన్నీ."

"కెప్టెన్ రాయమన్నారా?" మాస్టారి గొంతు పీలగా వచ్చింది.

ఈ ప్రశ్న వస్తుందని బాబాయికి తెలుసు. జవాబు మూడు రోజులుగా ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి వల్లె వేసుకున్నాడు. "లేదు. ఆయనకు తెలియదు. బుట్ట ఆయన దాకా పోనిచ్చేవాణ్ణి కాదు. ఆయన పేరు రాస్తుంటే నేనే ఆయన్నయినట్టు ఉండేది. కుర్రతనం, గొప్ప కోసం చేశాను. ఆయన రాత మీరెవరూ చూడలేదు. సిస్టరమ్మ తెచ్చిందే ఆయన రాత."

"మరి ఆ వంకర అక్షరాలేమిటి?" ఎవరో అరిచారు.

"మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు పైకి కట్టించుకుని రాసి చూడు, నీ అక్షరాలు ఎలా వస్తాయో!" అన్నాడు బాబాయి.

వెనక గోడ దగ్గర నుంచి సిస్టరమ్మ గొంతు వినబడింది. "అవును. పడుకునే రాశారు."

తర్వాత బాబాయి పడిన మాటలు ఇక్కడ అన్నీ రాయడం అనవసరం. మోసగాడన్నారు, ఇన్నేళ్ళూ ముందు కుర్చీలో ఎలా కూర్చున్నావన్నారు. అవన్నీ ఓర్చుకున్నాడు. మందుల షాపాయన మాత్రం ఏమీ అనలేదు. అద్దాల పెట్టెలోంచి తన కార్డు తీసుకుని, "మా నాన్న ఆఖరి రోజుల్లో ఇది దిండు కింద పెట్టుకునేవాడు బాబాయ్," అని, దాన్ని ఏం చేయాలో తోచక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బాబాయికి అక్కడే ఏడుపొచ్చింది.

మాస్టారు కుర్చీలో కూలబడి, కాసేపటికి లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళి, కాగితం మొత్తం చించేశాడు. తర్వాత సిస్టరమ్మ ఎదుట నిలబడి, "నేను చూసింది తప్పమ్మా. క్షమించండి," అన్నాడు. పుస్తకం రాసినవాడికి నలుగురిలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఆవిడ కార్డును అన్నిటికంటే పైన, ఒక్కదాన్నే పెట్టమన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఒక పూట చూపించి పట్టుకెళ్ళిపోతానంది.

మధ్యాహ్నం బాబాయి మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరూ పిలవలేదు. బస్‌స్టాపు బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. కెప్టెన్ పరువు నిలిచింది, ఆవిడ పేరు నిలిచింది, పోయిందల్లా తనదే. అది తేలిగ్గా ఉంటుందనుకున్నాడు గానీ అస్సలు తేలిగ్గా లేదు. ఇక వచ్చే నెల ఆదివారం ఎక్కడికి పోవాలో తెలియదు.

సిస్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అబద్ధం చెప్పారు," అంది.

బాబాయి బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాడు.

"నాకు చెప్పారు ఆయన. బయట నా పేరు ఒకతను రాస్తాడు, నాకన్నా బాగా రాస్తాడు అని. ఎవరో చెప్పలేదు. నిల్చుని ఆ తోక తిప్పేసరికి మీరేనని తెలిసింది."

"వేరే ఒకరు రాస్తారని తెలిసీ మొన్న ఎందుకు ఊరుకున్నారమ్మా? ఒక్క మాట చెబితే మీ పేరు ఆ కాగితం మీదికి ఎక్కేది కాదుగా."

"ఎలా చెప్పను? ఎవరికీ చెప్పొద్దన్నారు."

బాబాయి ఆవిడ వంక చూశాడు. ఒకే మాటను ఇద్దరూ చెరోచోట నలభై ఏళ్ళకు పైగా మోశారు. తను దాని కోసం నోరు విప్పితే, ఆవిడ దాని కోసం నోరు మూసుకుంది.

ఆవిడ సంచి తెరిచి కార్డు ఆయన చేతిలో పెట్టింది. బాబాయి పంచె అంచుకు వేళ్ళు తుడుచుకుని అందుకున్నాడు. ఆ పేరు ఆయన ఎన్నిసార్లు రాశాడో లెక్కే లేదు, ఆ పేరు గలవాడు రాయగా చూడటం ఇదే మొదటిసారి. మొదటి అక్షరం దగ్గర కలం అట్టను దాదాపు చించింది. రెండోది నిలబెట్టడానికి మూడుసార్లు దిద్దాడు. బండలు పగలగొట్టిన చెయ్యి ఈ చిన్న గీతల ముందు ఎంత అవస్థ పడిందో అంతా అక్కడే ఉంది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు.

"దీనికి ఎంతసేపు పట్టింది ఆయనకి?" అన్నాడు.

"మూడు వారాలు," అంది సిస్టరమ్మ.